నిర్దోషికి కరెంటు బిల్లు

నేను సబ్‌జైల్లోకి ఎందుకెళ్ళానో చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి, పర్లేదు. ఊరంతా నవ్వింది. నవ్వనిది ఒక్క మేజిస్ట్రేటు గారే.

మాది కారం మిల్లు. బస్టాండు వెనక సందులో రేకుల షెడ్డు. గోడ మీద ఎర్రరంగుతో "తిరపతమ్మ కారం మిల్లు, ఇచ్చట ఆవపిండి, మెంతిపిండి కూడా పట్టబడును" అని రాసుంటుంది. తిరపతమ్మ నా భార్య. నా పేరు అంకమ్మరావు. బోర్డు ఆవిడ పేరున, కరెంటు మీటరు నా పేరున. పెళ్ళయిన కొత్తలో ఏదో సరసానికి చేసిన పంపకం అది. అదే తర్వాత నా కొంప ముంచింది.

ఆ మధ్య మా మున్సిపాలిటీకి గాలి మీద ప్రేమ పుట్టింది. "స్వచ్ఛమైన గాలి, స్వచ్ఛమైన ఊపిరి" అని వారోత్సవాలు పెట్టారు. ఊళ్ళో ఇంకెక్కడా చోటు లేనట్టు మా సందు మొగలోనే షామియానా వేశారు. కమిషనర్ గారు మైకు పట్టుకుని, "అందరూ గుండెల నిండా గాలి పీల్చండి, నాతోపాటు పీల్చండి" అని తనే ముందు పీల్చారు. సరిగ్గా అప్పుడే నేను లోపల తేజ మిరపకాయలు తొట్టిలో పోశాను. నాకేం తెలుసు? నాకెవరన్నా చెప్పారా?

పీల్చినాయన పీల్చినట్టే ఆగిపోయారు. తర్వాత తుమ్మారు. మైకు చేతిలోనే ఉంది కాబట్టి ఆ తుమ్ము కూరగాయల మార్కెట్టు దాకా వినపడింది. ఆయన తుమ్మితే శానిటరీ ఇన్‌స్పెక్టరు తుమ్మాడు, ఇన్‌స్పెక్టరు తుమ్మితే వెనక సిబ్బంది మర్యాద కొద్దీ తుమ్మారు. జనం అది కార్యక్రమంలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు. చప్పట్లే నన్ను ముంచాయి.

సాయంత్రానికి కేసు. "విధి నిర్వహణలోనున్న ప్రభుత్వాధికారిపై ఘాటైన పదార్థమును గాలి ద్వారా ప్రయోగించి తుమ్మించిన నేరము." ఆయుధం కింద మిల్లునే పట్టుకుపోదామనుకున్నారు గానీ జీపులో పట్టలేదు. కారం ఎత్తే చేట పట్టుకుపోయారు. బెయిలు అడిగితే ప్రభుత్వ వకీలు లేచి, "ఇతను బయటుంటే సాక్షుల్ని ప్రభావితం చేస్తాడు. ఊళ్ళో సగం మంది ఇతని కారమే తింటారు" అన్నాడు. అది నిజమే. నన్ను రిమాండుకి పంపారు.

సబ్‌జైల్లో నా గదిలో నాగుల్ మీరా అని ఒకాయన ఉండేవాడు. నాకంటే పెద్దవాడు, లారీల మీద లోడు ఎత్తేవాడట. ఎవరిదో మేక పోయింది, ఆ దారిలో ఈయన నడిచాడు, అదీ కేసు. బెయిలు ఎప్పుడో వచ్చింది గానీ జామీను నిలబడేవాళ్ళు లేరు. ఎన్నేళ్ళ నించీ ఉంటున్నాడో అడిగితే, "ఆ మేక బతికుంటే ఈపాటికి మనవళ్ళనెత్తేది తమ్ముడూ" అన్నాడు.

"ఒప్పేసుకుంటే పోయేదిగా నాగులన్నా. ఇన్నాళ్ళున్నావు, ఒప్పుకున్న రోజే పంపిస్తారంట."

"నేను తియ్యలేదయ్యా. తియ్యని మేకని ఎట్టా ఒప్పుకుంటా?"

ఈయనకి పిచ్చి అనుకున్నాను. అప్పుడలా అనుకున్నాను, చెబుతున్నాగా.

మొదటి ములాకత్‌కి తిరపతమ్మ వచ్చింది. జాలీకి అవతల నిలబడి, ఎలా ఉన్నావని కూడా అడగలేదు.

"ఏమయ్యా, కరెంటు బిల్లు తీసుకోనంటన్నారు."

"తీసుకోకపోవడమేంటి? డబ్బు సరిపోలేదా?"

"డబ్బు చేతిలో పట్టుకుని నిలబడితే వద్దంటన్నాడు. పుట్టి బుద్ధెరిగాక కరెంటాఫీసులో డబ్బు వద్దనటం నేనిదే చూడ్డం. కొత్త పథకం అంట. 'మీటరు మీది, ముఖం మీది.' మీటరు ఎవరి పేరున ఉందో ఆ మనిషి మీటరున్న చోట నిలబడి, వాళ్ళు తెచ్చే పలకలాంటి ఫోన్లో ముఖం చూపించాలంట. అప్పుడే బిల్లు కట్టించుకుంటారంట."

"నేను జైల్లో ఉన్నానని చెప్పకపోయావా?"

"చెప్పా. 'వినియోగదారుడు చిరునామాలో లేడు' అని రాసుకుపోయాడు. మన పెళ్ళి ఫోటో కూడా తీసుకెళ్ళి చూపించా."

"ఏమన్నాడు?"

"కళ్ళార్పటం లేదన్నాడు."

మూడుసార్లు వచ్చి మనిషి దొరక్కపోతే కనెక్షన్ పీకేస్తారట. మామూలు రోజులైతే పీకితే పీకారు, మళ్ళీ పెట్టించుకోవచ్చు అనుకునేవాణ్ణి. కానీ ఎండలు ముదురుతున్నాయి. ఇంకొన్నాళ్ళకి మామిడికాయ దిగుతుంది. మాకు ఏడాదంతా నడిచేది ఆ ఆవకాయ రోజుల్లో వచ్చే రాబడి మీదే. అప్పుడు ఊళ్ళో ప్రతి ఇంటి మిరపకాయలూ మా తొట్టిలోంచే వెళ్తాయి. ఆ సమయంలో మిల్లు ఆగిందంటే జనం పక్క సందులో కొత్తగా పెట్టిన మిల్లుకి పోతారు. ఒకసారి కారం మిల్లు మార్చిన ఇల్లాలు మళ్ళీ వెనక్కి రాదు. వాళ్ళ ఆవకాయ బాగా కుదిరితే అసలు రాదు.

"ఏదో ఒకటి చెయ్యి" అంది తిరపతమ్మ. నేనేం చెయ్యాలి? తుమ్మించమంటే తుమ్మిస్తాను.

మా జైలర్ దైవసహాయం గారికి మొరపెట్టుకున్నాను. ఆయన మంచివాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. చెడ్డవాడైతే ఫో అని కసిరేవాడు, కథ అక్కడితో అయిపోయేది. ఈయన కూర్చోబెట్టి, కళ్ళద్దాలు తుడుచుకుని, సొరుగులోంచి ఒక సర్క్యులర్ తీశారు.

"అంకమ్మరావూ, నేరం రుజువయ్యేవరకూ నువ్వెవరివి?"

"అంకమ్మరావునేనండి."

"కాదు. నిర్దోషివి. చట్టం అలా అంటోంది. నిర్దోషి అయిన పౌరుడికి ఉండే బాధ్యతలన్నీ విచారణ ఖైదీకి కూడా యథాతథంగా వర్తిస్తాయని పైవాళ్ళు ఆదేశాలిచ్చారు. విద్యుత్ చార్జీలు, ఇంటి పన్ను, నీటి పన్ను, చెత్త రుసుము, సమస్తం. వీటి అమలుకి ఈ జైలుకి నన్ను నోడల్ అధికారిగా నియమించారు."

"మరి నిర్దోషికి ఉండే హక్కులో సార్?"

"అవి రెండో పేజీలో ఉన్నాయట. ఫ్యాక్సులో మొదటి పేజీయే వచ్చింది."

నాకొక సందేహం వచ్చింది. "మరి శిక్ష పడ్డవాళ్ళు కూడా కట్టాలాండి?"

"అబ్బే, వాళ్ళకి మినహాయింపు. శిక్ష పడ్డవాడు ఇక్కడ నివాసం ఉన్నట్టు కాదు, శిక్ష అనుభవిస్తున్నట్టు. నువ్వు అలా కాదుగా. నువ్వు శిక్ష అనుభవించటం లేదు. మరి ఇక్కడేం చేస్తున్నట్టు?"

నేను ఆలోచించాను. రాగిసంకటి తింటున్నాను, దోమల్ని కొడుతున్నాను.

"నివాసం ఉంటున్నావు" అన్నారు దైవసహాయం గారు, లెక్క తేలిన మేష్టారులా. "కాబట్టి నీ చిరునామా ఇదే. వినియోగదారుడు చిరునామాలో లేకపోవడం కదా వాళ్ళ అభ్యంతరం? చిరునామానే నువ్వున్న చోటికి తెస్తే సరి."

అప్పటికప్పుడు నివాస ధ్రువపత్రం రాసి గుండ్రటి సీలు వేశారు. "శాశ్వత చిరునామా: సబ్‌జైలు, మూడో గది." శాశ్వత అన్న మాట దగ్గర నా మనసు కొంచెం పీకింది. "తాత్కాలికం అని రాయకూడదాండీ?" అంటే, తాత్కాలికానికి బిల్లులు అంగీకరించరట. తిరపతమ్మ ఆ కాగితం తీసుకెళ్ళి కరెంటాఫీసులో ఇచ్చింది. వాళ్ళు సంతోషంగా తీసుకున్నారు. ఆ సంతోషం చూసైనా మేం అనుమానించాల్సింది.

చిరునామా ఒక చోట మార్చితే అన్ని చోట్లా దానంతటదే మారేట్టు ఈ మధ్య ఏదో ఏర్పాటు చేశారు కదా. మామూలుగా మనం పనిపడి తిరిగితే ఒక్క ఆఫీసుకి కూడా పక్క ఆఫీసు సంగతి తెలియదు. ఈసారి మాత్రం అన్నిటికీ తెలిసిపోయింది. ఆ వారమే గ్యాసు బండ జైలు గేటు దగ్గరికొచ్చింది. డెలివరీ మనిషి పైదాకా మోసుకొచ్చినందుకు విడిగా డబ్బులడిగాడు. మూడో గది పైన లేదు, కిందే ఉంది. అయినా అడిగాడు.

తర్వాత మున్సిపాలిటీ బిల్లు కలెక్టరు టేపు పట్టుకొచ్చి మా గది కొలిచాడు. తలుపు మీద రేకు ముక్క కొట్టాడు, ఇంటి నంబరు. నేను ఊచల వెనక నించుని చూస్తున్నాను.

"వెంటిలేషన్ బాగుందండీ మీ ఇంటికి" అన్నాడు ఊచలు చూసి. "ముందు వైపంతా ఓపెన్. ఇలాంటివాటికి పన్ను కాస్త ఎక్కువ పడుద్ది."

"ఇది ఇల్లు కాదయ్యా. జైలు గది."

"వాడుకని బట్టి వేస్తామండీ. పడుకుంటున్నారా? తింటున్నారా? అయితే గృహ వినియోగం." తర్వాత నాగుల్ మీరా వైపు చూశాడు. "ఈయన అద్దెకుంటున్నారా?"

"ఆయన నాకంటే ముందొచ్చాడు."

"అయితే మీరే అద్దెకున్నారా? ఓనరెవరో ముందు తేల్చుకోండి" అని ఇద్దరి పేర్లూ రాసుకుపోయాడు. నాగులన్న ఆ రాత్రి చాలాసేపు నవ్వాడు. పుట్టాక తన పేరున ఇల్లనేది అదే మొదటిసారట.

ఒక మార్పు మాత్రం బాగుంది. దైవసహాయం గారు నన్ను "మీరు" అనడం మొదలెట్టారు. ఇంటిపన్ను కట్టేవాణ్ణి నువ్వు అనడం బాగోదన్నారు. పొద్దున గదుల లెక్క తీసుకునేటప్పుడు కూడా తలుపు తట్టి, "అంకమ్మరావు గారూ, ఉన్నారా?" అని అడిగేవారు. ఎక్కడికి పోతాను?

చివరికి కరెంటాఫీసు ఏఈ గారే స్వయంగా వచ్చారు. ఆయన పలక నా మొహం ముందు పెట్టి కళ్ళార్పమన్నారు. ఆర్పాను. పచ్చ టిక్కు పడింది. నిజం చెబుతున్నా, నా కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. బిల్లు కట్టించుకున్నారు, రసీదిచ్చారు. మిల్లు బతికిందిరా భగవంతుడా అనుకున్నాను.

"ఇక మిగిలింది సాంకేతిక అంశం" అన్నారు ఏఈ గారు. "వినియోగదారుడొక చోట, మీటరు మరొక చోట ఉండటం పథకం స్ఫూర్తికి విరుద్ధం. ముఖమున్న చోటే మీటరుండాలి. బస్టాండు వెనక కనెక్షన్ని మీ ప్రస్తుత శాశ్వత చిరునామాకి బదలాయిస్తున్నాం."

"అయ్యా, మిల్లు అక్కడుందండీ."

"మిల్లు మా పరిధిలోకి రాదు. మీటరు వరకే మా బాధ్యత."

మర్నాడు ఇద్దరు లైన్‌మెన్లు వచ్చి జైలు ఆవరణలో స్తంభం పాతి, త్రీఫేజ్ మీటరు తెచ్చి వంటశాల గోడకి బిగించి వెళ్ళారు. ఇక్కడ కరెంటుంది, మిల్లు లేదు. అక్కడ మిల్లుంది, కరెంటు లేదు. నా ఒళ్ళు మండిపోయింది. ఎవర్ని తిట్టాలో తెలియలేదు. అందరూ మర్యాదగా మాట్లాడుతున్నారు మరి.

తిరపతమ్మ ములాకత్‌కి వచ్చి మొత్తం విన్నది. ఏడుస్తుందేమో అనుకున్నాను. కొంగు బిగించి జాలీలోంచి మీటరు వైపు చూసింది.

"తిరుగుతందా?"

"ఏంటి?"

"ఆ మీటరు. మంచిగా తిరుగుతందా?"

రెండు రోజుల తర్వాత జైలు గేటు ముందు ట్రాక్టరు ఆగింది. మోటారు, బెల్టు, తొట్టి, మిల్లు మొత్తం విప్పుకొచ్చింది. మెకానిక్కు వెనక కూర్చున్నాడు. మా బోర్డు కూడా రేకుతో సహా ఊడదీసి తెచ్చింది. గేటు దగ్గర సెంట్రీ ఆపితే, "మా ఆయన ఇంటికి మా సామాను తెచ్చుకున్నాం, పన్ను కూడా కట్టాం, అడ్డు లే" అందట.

దైవసహాయం గారు మొదట కంగారు పడ్డారు. తర్వాత ఆలోచించారు. "విచారణ ఖైదీలకు ఉపాధి శిక్షణ" అని ఒక పథకం కింద ఏళ్ళ తరబడి ఏమీ చెయ్యలేదట. పైనించి సంజాయిషీలు వస్తున్నాయట. "దీన్ని మనం స్వయం ఉపాధి కేంద్రంగా చూపించవచ్చు అంకమ్మరావు గారూ" అన్నారు. వెంటనే రిబ్బను కట్టించి కత్తిరించారు. నాకు ఆ కత్తెర ముట్టుకునే అనుమతి లేదు కాబట్టి నేను చప్పట్లు కొట్టాను.

ఇంక చూడండి. మామిడికాయ దిగింది. ఊరి ఆడవాళ్ళు మిరపకాయల సంచులు పట్టుకుని జైలు గేటు ముందు బారులు తీరారు. బయటివాళ్ళు లోపలికి రాకూడదు కాబట్టి సంచుల్ని ములాకత్ జాలీ కింద కంతలోంచి లోపలికి తోసేవారు. ఒక్కో సంచి మీద ఖైదీని చూడ్డానికి వచ్చిన కారణం రాయాలి. "బంధువు, ఆవకాయ" అని రాసేవారు. లోపల దొంగతనం కేసువాళ్ళు తొడిమలు తీసేవారు, పేకాట కేసువాళ్ళు జల్లెడ పట్టేవారు, నాగులన్న గోతాలు మోసేవాడు. కొత్తగా అరెస్టయి ఎవడన్నా రాగానే ముందు ఏ పని వచ్చో కనుక్కునేవాళ్ళం. జైలంతా తుమ్ములే. సెంట్రీలు మూతికి తువ్వాలు కట్టుకుని కాపలా కాసేవారు. దైవసహాయం గారు తుమ్ముతూనే నివేదిక రాసుకున్నారు. ఆయనకి ప్రశంసాపత్రం వస్తుందని పుకారు.

ఒకరోజు ఒక సంచి మీద కమిషనర్ గారి ఇంటి పేరు చూశాను. గుంటూరు సన్నాలు, ముదురు రంగువి. శ్రద్ధగా పట్టి పంపాను. కేసు కేసే, కారం కారమే.

ఆ సంబరంలో ఉండగా నాకు బెయిలొచ్చింది.

మా ప్లీడరు గారు పరిగెత్తుకుంటూ వచ్చారు. తిరపతమ్మ గేటు బయట కొబ్బరికాయ పట్టుకుని నించుంది. దైవసహాయం గారు ఆర్డరు చదివారు. మొదటి పేరా బాగానే ఉంది. రెండో పేరా దగ్గర ఆయన గొంతు సవరించుకున్నారు.

"ముద్దాయి రికార్డులలో నమోదైన తన శాశ్వత చిరునామాలోనే నివసించవలెను. కోర్టు అనుమతి లేకుండా సదరు చిరునామాను విడిచి వెళ్ళరాదు."

తిరపతమ్మ చేతిలో కొబ్బరికాయ అలాగే ఉండిపోయింది.

నన్ను గేటు బయటికి తీసుకెళ్ళి సంతకం పెట్టించుకున్నారు. విడుదలయ్యాను. మళ్ళీ గేటు లోపలికి తీసుకొచ్చారు. నివాసం చేరుకున్నాను.

చిరునామా మార్చుకుంటానని దరఖాస్తు పెట్టుకోవచ్చుగా అంటారేమో. అడిగాం. దానికి నేను కొత్త చిరునామాలో స్వయంగా నిలబడి ముఖం చూపించి కళ్ళార్పాలి. నిలబడాలంటే ఇక్కణ్ణించి కదలాలి. కోర్టు అనుమతి వాయిదాలకి తప్ప ఇవ్వరట. కదిలితే బెయిలు రద్దయి జైలుకి పంపుతారు. జైలంటే మళ్ళీ ఇదే.

అసలు దెబ్బ ఆ మధ్యాహ్నం తగిలింది. నాకు అన్నం పెట్టలేదు. బెయిలు మీదున్నవాడు ఖైదీ కాదు కాబట్టి జైలు భోజనానికి అర్హుడు కాదట. అది పోనీ, తిరపతమ్మ క్యారియరు తెస్తుంది. మిల్లు కూడా ఆపేశారు.

"అది విచారణ ఖైదీల ఉపాధి కేంద్రం అంకమ్మరావు గారూ" అన్నారు దైవసహాయం గారు నిజంగానే బాధపడుతూ. "మీరిప్పుడు ఖైదీ కారు, ప్రైవేటు వ్యక్తి. జైలు ఆవరణలో ప్రైవేటు వ్యక్తి వ్యాపారం చేయటం నేరం. నా చేతులు కట్టేశారు."

"మరి మిల్లు బయటికి తీసుకుపోనివ్వండి."

"నిస్సందేహంగా. మీటరు మాత్రం మీ చిరునామాలోనే ఉంటుంది."

గేటు బయట సంచుల వరస అలాగే ఉంది. జాలీ కింద కంతకి చెక్క అడ్డం పెట్టారు. లోపల పట్టని మిరపకాయలు గోతాలతో పడున్నాయి, అవన్నీ జనం సొమ్ము. ఇళ్ళల్లో ముక్కలు కొట్టిన మామిడికాయ కారం కోసం చూస్తోంది. సాయంత్రానికి కొందరు సంచులు వెనక్కి అడిగి పక్క సందు మిల్లుకి పోయారు. నాకు వాళ్ళ మీద కోపం రాలేదు. కోసిన కాయ ఆగదుగా.

మర్నాడు ములాకత్‌లో తిరపతమ్మ మొదటిసారి ఏడ్చింది. "సంచులు ఒకటొకటే పోతన్నాయయ్యా. నువ్వేమో విడుదలై ఇక్కడున్నావు. ఎన్నాళ్ళని పెళ్ళాం మొగుణ్ణి జాలీలోంచి చూడాలి? ఇంటికి రా." ఆవిడ ఏడుస్తుంటే నాకు మిల్లు గుర్తు రాలేదు. ఇల్లు గుర్తొచ్చింది. మా వాకిట్లో నులక మంచం గుర్తొచ్చింది.

ప్లీడరు గారిని పిలిపించి, "కేసు తొందరగా తేలే దారి చెప్పండి. నేను ఏ తప్పూ చెయ్యలేదని తేలుస్తారుగా?" అన్నాను.

"తప్పకుండా తేలుస్తారయ్యా. సాక్షులు చాలామంది. తుమ్మినవాళ్ళందర్నీ విచారించాలి. ఏళ్ళు పడుతుంది. తేలాక నువ్వు శాశ్వతంగా నిర్దోషివి."

"నిర్దోషినైతే?"

"శాశ్వత చిరునామాలో..." అని ఆగిపోయారు.

నాకు దైవసహాయం గారి సర్క్యులర్ గుర్తొచ్చింది. "మరి దోషినైతేనండీ?"

ప్లీడరు గారు వేళ్ళు మడుస్తూ లెక్క వేశారు. ఈ నేరానికి పడే శిక్షంత కాలం నేను ఇప్పటికే లోపల ఉండేశాను. ఒప్పుకుంటే, ఉన్న కాలమే శిక్షగా లెక్కేసి ఆ రోజే పంపించేస్తారు. శిక్ష పడ్డవాడికి జైలు నివాసం కాదు కాబట్టి ధ్రువపత్రం రద్దవుతుంది. పాత చిరునామా తిరిగొస్తుంది, దానితోపాటు మీటరు కూడా.

"అంటే నేరస్థుణ్ణయితే ఇంటికెళ్ళచ్చు."

"చట్టప్రకారం అంతే."

ఆ సాయంత్రం నాగులన్నకి చెప్పాను. నన్ను ఆపుతాడేమో అనుకున్నాను, తిడతాడేమో అనుకున్నాను. ఆయన బీడీ ఆర్పి, "నీకు ఇల్లుందయ్యా, చూసే మనిషుంది. ఒప్పుకో" అన్నాడు.

"నువ్వు కూడా రా అన్నా. నాతోపాటే ఒప్పేసుకో. ఇద్దరం ఒకే రోజు బయటపడదాం. మిల్లులో పని ఇస్తా."

"నువ్వు తుమ్మించావు. తెలిసో తెలీకో తుమ్మించావు. నేను మేకని తియ్యలేదు" అన్నాడు.

కోర్టుకి తీసుకెళ్ళారు. అదీ మళ్ళీ అనుమతి తీసుకునే. మేజిస్ట్రేటు గారు అడిగారు, "ఎవరి ఒత్తిడీ లేకుండా, స్వచ్ఛందంగా ఒప్పుకుంటున్నావా?"

"స్వచ్ఛందంగానేనండి. నేనే తుమ్మించాను. గాలి చూసుకోకుండా కాయ పోశాను."

"పశ్చాత్తాపపడుతున్నావా?"

"మిరపకాయలు ఇంకో గంట ఆగి పోయాల్సిందండి."

ఇన్నాళ్ళూ కారంలో బతికిన నా చొక్కా ఊరుకుంటుందా? బోనులోంచి ఫ్యాను గాలికి ఘాటు పైకెళ్ళింది. మేజిస్ట్రేటు గారు కలం పక్కన పెట్టి తుమ్మారు. బెంచి క్లర్కు తుమ్మాడు. ప్రభుత్వ వకీలు నన్ను వేలెత్తి చూపించబోయి తనే తుమ్మాడు. ఇంకో కేసు పడింది పో అనుకున్నాను. మేజిస్ట్రేటు గారు ముక్కు తుడుచుకుని, ఉన్న కాలమే శిక్ష అని గబగబా రాసి నన్ను త్వరగా పంపించెయ్యమన్నారు. ఆ కేసులో అంత త్వరగా జరిగిన పని అదొక్కటే.

దైవసహాయం గారు గేటు దాకా వచ్చి సాగనంపారు. తలుపు మీద ఇంటి నంబరు రేకు పీకబోయారు గానీ, ఎందుకో ఆగి, అలాగే వదిలేశారు. "వెళ్ళిరా అంకమ్మరావూ" అన్నారు. దోషినయ్యాక మళ్ళీ నువ్వులోకి దిగాను. తిరపతమ్మ ట్రాక్టరు మీద ముందు కూర్చుంది. మోటారు, తొట్టి, బోర్డు, నేనూ వెనక.

వారం తిరక్కుండానే లైన్‌మెన్లు మీటరు తెచ్చి పాత గోడకే బిగించారు. అప్పటికి సగం మామిడికాయ అయిపోయింది. మిగిలిన సగం మేం పట్టాం. పోయినవాళ్ళలో కొందరు తిరిగొచ్చారు. పక్క సందు మిల్లులో కారం మెత్తగా రావటం లేదట. బిల్లు వచ్చింది. ఏఈ గారు పలక పట్టుకొచ్చారు. మా వాకిట్లో నించుని కళ్ళార్పాను. ఈసారి టిక్కు పడటానికి కాస్త ఆలస్యమైంది. నేరస్థుల ముఖాలు వేరే జాబితాలో ఉంటాయట.

వారానికోసారి ములాకత్ రోజున జైలుకెళ్తున్నాను. నాగులన్నకి పావు కిలో కారం, తిరపతమ్మ పెట్టిన ఆవకాయ చిన్న సీసా. జామీను నిలబడదామని అడిగాను గానీ, శిక్ష పడ్డవాడి జామీను కోర్టు తీసుకోదట. ఆ గది ఇంటిపన్ను ఇప్పుడు ఆయన ఒక్కడి పేరునే వస్తోంది. అందులో మిగిలిన నిర్దోషి ఆయనే కదా. నేను కడదామని మున్సిపాలిటీకి వెళ్తే, ఓనరే వచ్చి కట్టాలన్నారు.

జాలీకి అవతల నించుని ఆయన ముందు సీసా మూత తీసి వాసన చూస్తాడు. మా ఆవిడని అడిగానని చెప్పమంటాడు. గంట కొట్టే ముందు, ప్రతివారం, అదే మాట అడుగుతాడు.

"బయట తిరుగుతావుగా తమ్ముడూ. ఆ మేక సంగతేమన్నా తెలిసిందా?"

తెలియలేదన్నా, కనుక్కుంటా అని చెప్పి ఇంటికొస్తాను.